ఆ స్క్రీన్ ఎవరికి కనిపించింది? టెక్ సపోర్ట్ గేమ్ నుంచి భీమవరం సత్యం దాకా

ఇవాళ ఒక గేమ్‌తో మొదలెట్టి మన గోదావరి జిల్లాలకి వద్దాం. చివరిదాకా చూడండి, రెండిటికీ లింకు ఉంది.

గేమ్ పేరు ‘టెక్ సపోర్ట్: ఎర్రర్ అన్‌నోన్’. 2019లో వచ్చింది. డ్రాగన్ స్లంబర్ అనే చిన్న స్టూడియో తయారు చేసింది. ఇందులో తుపాకులు లేవు, కార్లు లేవు. మీ కంప్యూటర్ స్క్రీన్ మీద ఇంకో కంప్యూటర్ స్క్రీన్ ఉంటుంది, అంతే. క్వేజార్ అనే టెలికాం కంపెనీలో మీరు కొత్తగా చేరిన సపోర్ట్ ఉద్యోగి. కస్టమర్లు చాట్‌లోకి వచ్చి ఫోన్ పనిచేయట్లేదు, లాక్ అయిపోయింది అంటారు. మీరు టికెట్లు క్లోజ్ చేస్తూ ప్రమోషన్ తెచ్చుకోవాలి.

బోరు కదా అనిపిస్తుంది. కాసేపటికి అసలు కథ మొదలవుతుంది. ఇండిగో అనే హ్యాకర్ల గుంపు మిమ్మల్ని పలకరిస్తుంది, కంపెనీ చేసే తప్పుడు పనులు బయటపెట్టడానికి సాయం చెయ్యమంటుంది. ఇంకోపక్క మీ చేతిలో కస్టమర్ల ఫోన్లు, వాళ్ల గుట్లు ఉంటాయి. కావాలంటే బెదిరించి డబ్బులు కూడా గుంజొచ్చు. కంపెనీకి నమ్మకంగా ఉంటారా, ఎదురు తిరుగుతారా, మీ జేబు చూసుకుంటారా? ఏం చేస్తే కథ అటు తిరుగుతుంది.

నేను బీటెక్ అయ్యాక కొన్నాళ్లు సపోర్ట్ టీమ్‌లోనే చేశాను. ఆ పనిలో ఒక విషయం తొందరగా అర్థమవుతుంది. జీతం ఎంతన్నది తర్వాత, మీ లాగిన్‌కి ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు అన్నదే అక్కడ అసలు హోదా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు మన కథ. భీమవరం ప్రాంతం నుంచి వెళ్లిన బైర్రాజు రామలింగరాజు 1987లో హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ మొదలెట్టారు. 1991లో జాన్ డీర్ అనే అమెరికా ట్రాక్టర్ల కంపెనీ పని దొరికింది. తర్వాత న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ దాకా వెళ్లింది. మన వైపు ఆ రోజుల్లో “మావాడు సత్యంలో చేస్తున్నాడు” అంటే పెళ్లి సంబంధం సగం కుదిరినట్టే.

2001లో ఆ కుటుంబం తండ్రి గారి జ్ఞాపకంగా బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది. పల్లెల్లో ఆరోగ్యం, చదువు, మంచినీళ్ల పనులు చేసింది. 2000ల మధ్యలో ఇంకో అడుగు వేసి ‘గ్రామ్ఐటీ’ పేరుతో పల్లెటూళ్లలోనే బీపీఓ సెంటర్లు తెరిచింది. పశ్చిమ గోదావరిలో జల్లికాకినాడ, తూర్పు గోదావరిలో ఈతకోట. ఈతకోట ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉంది. చుట్టూ వరి చేలు, కొబ్బరి తోటలు, మధ్యలో కంప్యూటర్ల వరుసలు. ఊహించుకోండి.

అక్కడ ఇంటర్, డిగ్రీ చదివిన స్థానిక కుర్రాళ్లు, అమ్మాయిలు కూర్చుని ఆఫీసు రికార్డుల పని చేసేవారు. హైదరాబాద్‌లో ఉన్న సత్యం ఉద్యోగుల కాగితాల పని ఈతకోటలో జరిగేదన్నమాట. హాస్టల్ ఖర్చు లేదు, ఊరు వదలక్కర్లేదు. ఇంట్లో వాళ్లు సిటీకి పంపని అమ్మాయికి ఆ కుర్చీ ఎంత పెద్ద విషయమో, పల్లెలో పెరిగిన వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇక 2009 జనవరి 7. రామలింగరాజు కంపెనీ బోర్డుకి ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపిస్తున్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. ఆ ఒక్క రోజులో షేరు సుమారు 180 రూపాయల నుంచి 40కి పడిపోయింది. అప్పటికి కంపెనీలో ఉద్యోగులు దాదాపు 53 వేల మంది.

ఎలా చేశారు? ఇక్కడే సపోర్ట్ చేసిన వాళ్ల చెవులు నిక్కబొడుచుకుంటాయి. సీబీఐ దర్యాప్తులో 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు బయటపడ్డాయి. కంపెనీ బిల్లుల సాఫ్ట్‌వేర్‌లో ‘సూపర్ యూజర్’ అనే లాగిన్ ఒకటుంది. దాంతో లోపలికెళ్తే ఒక బిల్లుని మిగతా వాళ్లకి కనపడకుండా దాచొచ్చు. ఆ క్లయింట్ పని చూసే టీమ్‌కి అది కనిపించదు, ఆదాయం లెక్కలో మాత్రం చేరిపోతుంది. వేల కోట్ల మోసం ఒక హైడ్ ఆప్షన్ చాటున నడిచింది!

ఇప్పుడు గేమ్ అడిగే ప్రశ్న ఇక్కడ వేద్దాం. మూడు కుర్చీలు ఊహించుకోండి.

మొదటిది ఈతకోటలో ఉంది. ఆ అమ్మాయి లాగిన్‌కి తన ముందున్న రికార్డు తప్ప ఏమీ కనిపించదు. ఏ నిర్ణయం తీసుకునే అవకాశమూ లేదు. కానీ సెంటర్ పెట్టిన ఫౌండేషన్, పని ఇచ్చే కంపెనీ రెండూ ఒకే కుటుంబానివి. పైన తాడు తెగితే కింద ఊగేది ఆమె కుర్చీ.

రెండోది హైదరాబాద్‌లో, ఫైనాన్స్ విభాగంలో. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చింది. వాళ్లలో రామలింగరాజు, ఆయన తమ్ముడు, ఆడిటర్లతో పాటు ఫైనాన్స్‌లో చేసిన మాజీ ఉద్యోగులు కూడా ఉన్నారు. రాజుకి ఏడేళ్ల శిక్ష పడింది. మరుసటి నెలలోనే అప్పీల్ మీద ఆ శిక్షను నిలిపివేసి బెయిల్ ఇచ్చారు. ఆ సంగతి అలా ఉంచండి, బాస్ చెప్పాడని చేసినా కీబోర్డ్ మీద వేలు మనదే కదండీ.

మూడో కుర్చీ ఎక్కడుందో బయటి వాళ్లకి తెలీదు. 2008 డిసెంబర్‌లో ఒక మారుపేరుతో ఎవరో ఒక బోర్డు సభ్యుడికి మెయిల్ పంపారు. లెక్కల్లో మోసం ఉంది, బ్యాంకు నిల్వలు చూసుకోండి అని. ఉత్తరం బయటకి రావడానికి మూడు వారాల ముందు మాట ఇది. గేమ్‌లో ఇండిగోకి సాయం చేసే దారి ఉంది కదా, అది నిజంగా నడిచిన మనిషి ఈయనో, ఈమో.

గేమ్‌లో ఈ మూడు దారులూ మీ ఒక్కరికే ఇస్తారు. నచ్చకపోతే సేవ్ చేసిన చోటు నుంచి మళ్లీ ఆడొచ్చు. బయట అలా కుదరదు. ఎక్కువమంది మొదటి కుర్చీలోనే ఉంటారు, ఏమీ కనిపించకుండా. అందుకే చూడగలిగిన కొద్దిమంది ఏం చేశారన్నది అంత ముఖ్యం.

2009 ఏప్రిల్‌లో సత్యంని టెక్ మహీంద్రా తీసుకుంది, 2013లో పూర్తిగా కలిపేసుకుంది. ఇవాళ వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని మన ఊళ్ల నుంచి లాగిన్ అయ్యేవాళ్లు బోలెడుమంది. సొంతూళ్లోనే ఆఫీసు పని అన్న ఆ ఆలోచన తప్పు కాదు. తప్పు సూపర్ యూజర్ లాగిన్ దగ్గర జరిగింది, దాని మీద ఎవరి కన్నూ లేకపోవడం వల్ల జరిగింది.

కాబట్టి మీరు రేపు ఏ కంపెనీలో చేరినా ఒక్కటి అడగండి: ఇక్కడ అడ్మిన్ యాక్సెస్ ఎవరికుంది, ఆ లాగ్స్ ఎవరు చూస్తారు? జవాబు చెప్పడానికి ఎవరైనా ఇబ్బంది పడితే, అక్కడ కాస్త జాగ్రత్తగా ఉండండి.

గ్రామ్ఐటీలో పనిచేసిన అక్కలు, అన్నయ్యలు మీ ఇంట్లో, మీ వీధిలో ఉంటే వాళ్ల అనుభవం అడిగి కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.