విల్లర్డ్‌ను ఎవరూ అడగలేదు

వర్జీనియాలోని మన షాంటిలీలో సరుకులకని రూట్ 28 దాటి పడమటికి పోతే విల్లర్డ్ రోడ్ తగులుతుంది. రెండు పక్కలా గోదాములు, కార్ల మరమ్మతు షెడ్లు, ఆఫీసు పార్కులు. ఆగి చూడాల్సిందేమీ కనిపించదు. ఆ రోడ్డు ఒకప్పుడు విల్లర్డ్ అనే ఊరికి పోయేది. ఇప్పుడా ఊరు లేదు. అది ఉన్నచోట డల్లెస్ విమానాశ్రయం ఉంది. ఇండియా నుంచి వచ్చే మన అమ్మానాన్నల విమానం దిగేది ఆ ఊరి నేల మీదే.

అదేం పెద్ద ఊరు కాదు. ఫెయిర్‌ఫ్యాక్స్, లౌడన్ కౌంటీల పొలిమేరలో, దారులు కలిసే చోట, పొలాల మధ్య వెలసిన పల్లె. ఎక్కువమంది నల్లజాతి కుటుంబాలవాళ్లు. 1958లో ఐసెన్‌హోవర్ ప్రభుత్వం దేశ రాజధానికి రెండో విమానాశ్రయం ఇక్కడే కట్టాలని తేల్చింది. దానికి కావలసింది దాదాపు 10 వేల ఎకరాలు. 87 మంది ఆసాముల ఆస్తులను చట్టప్రకారం స్వాధీనం చేసుకున్నారు. పరిహారం ఉంది, కాగితాలు ఉన్నాయి, అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ఆ పద్ధతిలో విల్లర్డ్ వాళ్లను కూర్చోబెట్టి "ఇక్కడ కట్టొచ్చా, ఇంకోచోట చూసుకోవాలా?" అని అడిగే మెట్టు లేదు. 1962 నవంబరు 17న కెనెడీ వచ్చి విమానాశ్రయాన్ని ప్రారంభించాడు. ఈరో సారినెన్ గీసిన టెర్మినల్ లోకమంతా మెచ్చుకున్న కట్టడమైంది.

అసలు ఈ విమానాశ్రయం రావలసింది షాంటిలీకి కాదు. 1951లో అధికారులు ఎంచుకున్నది ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలోనే మనకు ఆగ్నేయాన ఉన్న బర్క్. అక్కడ భూమి కొనడం కూడా మొదలై, వెయ్యి ఎకరాల దాకా సర్కారు చేతికొచ్చింది. బర్క్ జనం గట్టిగా ఎదురు తిరిగారు, ఏళ్ల తరబడి పట్టు వదల్లేదు. చివరికి సర్కారే వెనక్కి తగ్గింది. ఆ సేకరించిన నేలలోనే ఇప్పుడు బర్క్ లేక్ పార్క్ ఉంది. ఆదివారం పూట మన పిల్లలు బుల్లి రైలు ఎక్కేది, వనభోజనాలకు మనం పులిహోర డబ్బాలు మోసుకుపోయేది ఆ పార్కుకే. ఒక ఊరు కాదంది, చెరువు మిగిలింది. ఇంకో ఊరి మీద రన్‌వే పడింది. రెండూ ఒకే ప్రాంతం, ఒకే దశాబ్దం.

తేడా ఎక్కడొచ్చిందో తెలియాలంటే ఆనాటి వర్జీనియాలో ఓటెవరికి ఉండేదో చూడాలి. ఓటు వేయాలంటే తలపన్ను కట్టాలి. ఏడాదికి డాలరున్నర. మూడేళ్ల బాకీ ఉంటే మూడేళ్లదీ కలిపి, అదీ ఎన్నికకు ఆరు నెలల ముందే చెల్లించాలి. నల్లవాళ్లనూ బీద తెల్లవాళ్లనూ ఓటుకు దూరం పెట్టడానికే ఈ ఏర్పాటు. విల్లర్డ్ భూములు పోయిన ఆ 1958లోనే, తెల్లపిల్లల పక్కన నల్లపిల్లలను కూర్చోబెట్టాల్సి వస్తుందని వర్జీనియా ప్రభుత్వం కొన్ని బడులకు ఏకంగా తాళాలే వేయించింది. బడిలో చోటివ్వనివాళ్లు భూమి విషయంలో సలహా అడుగుతారా? ఆ తలపన్ను 1966లో గానీ పోలేదు. పోగొట్టింది కూడా మన కౌంటీ మనిషే. గమ్ స్ప్రింగ్స్‌లో ఉండే ఆనీ హార్పర్ అనే నల్లజాతి మహిళ, ఇళ్లలో పని చేసి బతికినామె, పెట్టిన వ్యాజ్యం మీద సుప్రీంకోర్టు రాష్ట్రాల ఎన్నికల్లో తలపన్ను చెల్లదని తీర్పిచ్చింది. విల్లర్డ్‌కు అది ఎనిమిదేళ్లు ఆలస్యం.

డల్లెస్ కోసం తీసుకున్న భూమిలోనే సల్లీ అనే పాత ఇల్లు ఒకటి ఉంది. 1794లో రిచర్డ్ బ్లాండ్ లీ కట్టించుకున్నాడు. ఉత్తర వర్జీనియా నుంచి కాంగ్రెస్‌కు వెళ్లిన మొదటి ప్రతినిధి ఆయన. బానిసల చాకిరీ మీద నడిచిన తోట అది. 1958లో దాన్నీ స్వాధీనం చేసుకున్నారు. అప్పటికి దాని యజమాని ఫ్రెడరిక్ నోల్టింగ్ అనే దౌత్యవేత్త, తర్వాత దక్షిణ వియత్నాంలో అమెరికా రాయబారి. చరిత్రాభిమానులు, చుట్టుపక్కల పెద్దలు ఇంటి కోసం పట్టుబట్టారు. 1959లో ఐసెన్‌హోవరే సంతకం పెట్టి దాన్ని కాపాడే చట్టం తెచ్చాడు. ఆ ఇల్లు నిలిచినందుకు నాకు సంతోషమే. పిల్లలను తీసుకెళ్లి బానిసల గుడిసె దగ్గర నిలబెట్టి చెప్పాల్సిన సంగతులు అక్కడ చాలా ఉన్నాయి. అయితే ఒక్క సంగతి నన్ను వదలదు. ఇప్పుడు రూట్ 28ని సల్లీ రోడ్ అంటారు, కౌంటీ బోర్డులో మనం ఓటేసే నియోజకవర్గం పేరు సల్లీ జిల్లా. పలుకుబడి ఉన్న ఇంటి పేరు జిల్లాకు ఎక్కింది. విల్లర్డ్ పేరు గోదాముల మధ్య పోయే రోడ్డుకు దక్కింది.

ఊరిని అడగడమంటే నాకు మా మేనమామ గుర్తొస్తాడు. ఆయనది ఆంధ్రలో కృష్ణ ఒడ్డున పెనుమాక. మల్లెలు, కూరగాయలు, ఏడాదికి మూడు పంటలు పండే నేల. 2015లో రాజధాని అమరావతి కోసం భూసమీకరణ మొదలైనప్పుడు ఊళ్లో అందరి నోటా రెండు ఫారాల మాటే. ఇస్తామంటే 9.3, అభ్యంతరం ఉంటే 9.2. పెనుమాక, ఉండవల్లి రైతుల్లో చాలామంది 9.2 ఇచ్చారు, మామయ్య కూడా. రాజధాని ఎక్కడుండాలి, ఎలా ఉండాలన్నది వేరే చర్చ. మిగతా ఊళ్లలో వేలమంది రైతులు మనస్ఫూర్తిగా ఇచ్చారు, తర్వాత రాజధాని కదలకూడదని ఏళ్ల తరబడి నిరసన శిబిరాల్లో కూర్చున్నదీ వాళ్లే. మామయ్య గురించి చెప్పేది ఒకందుకు. "నేను కాదన్నానని కాగితం మీద ఉందమ్మాయ్" అనేవాడు ఫోనులో. ఆ కాగితం నకలు బీరువాలో పట్టాదారు పాసుపుస్తకంతో పాటు పెట్టుకున్నాడు. విల్లర్డ్ రైతుల ఏ బీరువాలోనూ అలాంటి కాగితం ఉండదు. కాదనడానికి వాళ్లకు ఫారమే లేదు.

డల్లెస్ వచ్చాక షాంటిలీకి ఇళ్లు వచ్చాయి. 1960ల చివర లెవిట్ సంస్థ గ్రీన్‌బ్రయర్ కట్టింది. 1980లో ఫెయిర్ ఓక్స్ మాల్ తెరుచుకుంది. పాడి పొలాలు టౌన్‌హౌసులైపోయాయి. ఆ ఊపులో చాలావరకు పోయింది ఆక్స్ హిల్ రణభూమి. 1862 సెప్టెంబరు 1న ఉరుముల వానలో, తుపాకిమందు తడిసి ముద్దవుతుంటే, అమెరికా అంతర్యుద్ధపు ఉత్తర దక్షిణ సైన్యాలు అక్కడ కొట్టుకున్నాయి. ఉత్తరాది (యూనియన్) జనరల్స్ ఇద్దరు, ఫిలిప్ కియర్నీ, ఐజక్ స్టీవెన్స్, ఆ ఒక్క సాయంత్రమే నేలకూలారు. చరిత్రలో దీని పేరు షాంటిలీ యుద్ధం. 1915లో ఆ పొలం సొంతదారులైన బల్లార్డ్ కుటుంబం చిన్న ముక్క విడిచిపెట్టి, చనిపోయిన ఇద్దరికీ స్మారక శిలలు నిలబెట్టనిచ్చింది. ఆ కుటుంబం పెద్ద దక్షిణాది పక్షాన పోరాడినవాడు. శత్రు సేనానులకు తన పొలంలో చోటిచ్చాడు. అలాంటి మనిషి గురించి చదివితే మనసు నిండుతుంది.

1980ల మధ్యకు వచ్చేసరికి చుట్టూ బుల్‌డోజర్లు. రణభూమి దాదాపు మొత్తం ఇళ్లకు, ఆఫీసులకు రీజోనింగ్ అయిపోయింది. శిలలను కూడా పక్కకు జరుపుతారన్న మాట వచ్చింది. అప్పుడు గానీ కొందరు చరిత్రాభిమానులు కలిసి షాంటిలీ బ్యాటిల్‌ఫీల్డ్ అసోసియేషన్ పెట్టుకోలేదు. అప్పటికే అనుమతులు వచ్చేశాయి, హియరింగులు జరిగిపోయాయి.  గొడవ చేసి కాపాడుకోగలిగింది ఐదెకరాల లోపు. ఇవాళ వెస్ట్ ఆక్స్ రోడ్ పక్కన టౌన్‌హౌసుల మధ్య ఉన్న చిన్న పార్కు అదే. పోగొట్టుకున్న ఆ బాధ ఊరికే పోలేదు. 1987లో అంతర్యుద్ధ రణభూములను కాపాడే జాతీయ సంఘం పుట్టడానికి షాంటిలీ అనుభవమే ముఖ్య కారణమని ఆ రంగంలో ఉన్నవాళ్లు చెబుతారు. 1988లో పక్కనే మనాసస్ రణభూమి అంచున మాల్ కట్టబోతే జనం ముందే మేలుకున్నారు. కాంగ్రెసే చట్టం చేసి 500 పైచిలుకు ఎకరాలు తీసుకుని పార్కులో కలిపింది. మన ఊళ్లో జరిగిన ఆలస్యం పక్క ఊరికి మేలు చేసింది.

అన్నీ ముందే అడిగినా చిక్కు తీరదని చూపించే ఉదంతం కూడా షాంటిలీలోనే ఉంది. 1990ల మొదట్లో వెస్ట్‌ఫీల్డ్స్‌లో 68 ఎకరాల్లో నాలుగు టవర్ల ఆఫీసు లేచింది. కౌంటీ దృష్టిలో అది రాక్‌వెల్ ఇంటర్నేషనల్ కంపెనీ కట్టడం. 1994 ఆగస్టులో సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ అసలు సంగతి బయటపెట్టింది. అది గూఢచారి ఉపగ్రహాలను నడిపే నేషనల్ రికానసెన్స్ ఆఫీసు. ఖర్చు 30 కోట్ల డాలర్ల పైమాటే. ఆ సంస్థ ఉందన్న సంగతే 1992 సెప్టెంబరు వరకూ ప్రభుత్వం ఒప్పుకోలేదు. అంటే ఇరుగుపొరుగువాళ్లు ప్లాను చూశారు, ఎత్తు చూశారు, పార్కింగు లెక్క చూశారు. ఎవరు వస్తున్నారో మాత్రం తెలియలేదు. దేశరక్షణకు రహస్యం అవసరమే కావచ్చు. కానీ అబద్ధపు పేరు మీద తీసుకున్న అభిప్రాయాన్ని అభిప్రాయం అనలేం.

విల్లర్డ్ నాటితో పోలిస్తే ఇప్పుడు పద్ధతి వేరు. కొత్త కట్టడం రావాలంటే ఆ స్థలంలో పసుపుపచ్చ బోర్డు పాతుతారు. పత్రికలో ప్రకటన, ఆనుకుని ఉన్న ఇళ్ల యజమానులకు ఉత్తరాలు. ప్లానింగ్ కమిషన్‌లో 12 మంది, బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌లో 10 మంది. రెండుచోట్లా పబ్లిక్ హియరింగ్ ఉంటుంది, మనిషికి మూడు నిమిషాలు. నేను ఎక్కువ విలువ ఇచ్చేది మాత్రం దానికంటే ముందు జరిగే చిన్న సమావేశానికి. స్టోన్‌క్రాఫ్ట్ బొలెవార్డ్‌లోని కౌంటీ భవనంలో, సాయంత్రం పూట, ఇక్కడి పౌరసంఘాల ల్యాండ్ యూజ్ కమిటీ కూర్చుంటుంది. అందరూ జీతం లేని వలంటీర్లే. డెవలపర్ తరఫు లాయరు, ఇంజినీరు వచ్చి షీట్లు పరుస్తారు.

అలాంటి ఒక సమావేశంలో, వాన పడితే పార్కింగు నీళ్లు ఎటు పోతాయని ఒక పెద్దాయన అడిగాడు. ఇంజినీరు షీటు మీద వేలు పెట్టి, చెరువు గుంట చూపించాడు. "గుంట నిండాక?" అన్నాడాయన. వేలు మెల్లగా కబ్ రన్ వాగు వైపు జరిగింది. ఆ వాగు నీళ్లు చివరికి ఆకోక్వాన్ జలాశయంలో కలుస్తాయి. మనం తాగే నీళ్లలో కొంత అక్కడివే. తర్వాత వచ్చిన ప్రొఫర్ కాగితంలో గుంట సైజు పెరిగింది. ప్రొఫర్ అంటే రీజోనింగ్ కోసం డెవలపర్ రాసిచ్చే హామీ. బోర్డు ఆమోదించాక ఆ భూమి ఎవరి చేతికి పోయినా ఆ హామీ వెంటే ఉంటుంది. "చూస్తాం, చేస్తాం" అన్న మాటకూ ప్రొఫర్‌లో ఎక్కిన వాక్యానికీ ఎంత తేడానో తెలిస్తే మన వాళ్లు ఆ సమావేశాలు ఒక్కటీ వదలరు.

ఇప్పుడు గొడవంతా డేటా సెంటర్ల మీద. 2024 సెప్టెంబరులో ఫెయిర్‌ఫ్యాక్స్ బోర్డు నిబంధనలు బిగించింది. ఇళ్ల జోను సరిహద్దుకు భవనం 200 అడుగుల దూరం ఉండాలి, మెట్రో స్టేషనుకు మైలు లోపల రాకూడదు. హియరింగులకు వచ్చి తమ బాధ చెప్పుకున్న మామూలు మనుషులే దీనికి కారణం.

ఆ రోజుల్లో ఒక సమావేశానికి మన తెలుగబ్బాయి ఒకడు వచ్చాడు. వెస్ట్‌ఫీల్డ్స్ పక్క అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటాడు, హెచ్1బీ వీసా. వెనక వరసలో కూర్చుని నన్ను మెల్లగా అడిగాడు: "అక్కా, మనం మాట్లాడొచ్చా? ఓటు లేదు కదా."

"మాట్లాడొచ్చు తమ్ముడూ. పేరు, ఉండే చోటు చెప్పు చాలు. పాస్‌పోర్టు ఎవరూ అడగరు."

"మరి మాకు ఉత్తరం రాలేదే?"

ఉత్తరం యజమానికే పోతుంది, అద్దెకున్నవాళ్లకు పోదు. అతని అపార్ట్‌మెంట్ సముదాయంలో వందల కుటుంబాలు, అందులో సగం మన వాళ్లే. వాళ్లందరి తరఫునా ఉత్తరం అందుకున్నది ఎక్కడో ఉన్న ఒక కంపెనీ. ఈ లోపం సరిచేయాలని నేను సల్లీ జిల్లా సూపర్‌వైజర్ ఆఫీసుకు రాస్తూనే ఉన్నాను. అది మారేదాకా పసుపుపచ్చ బోర్డు కనబడితే ఫొటో తీసి, దరఖాస్తు నంబరు, తేదీ, చోటు తెలుగులో రాసి మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గుంపుల్లో పెడుతున్నాం. ఇప్పుడు ఆ పని చూసేది ఆ అబ్బాయే. ఆ రాత్రి అతను లేచి డీజిల్ జనరేటర్ల పరీక్షలు ఏ వేళ చేస్తారని అడిగాడు. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్లు తమ భవనంలో ఎంతమంది ఉన్నారో చెప్పాడు. కమిటీ అధ్యక్షురాలు ఆ ప్రశ్నను రాసుకుని, జవాబు రాతపూర్వకంగా కావాలని లాయరును అడిగింది.