గ్రీవెన్స్ పద్ధతి (అమెరికా విశ్వవిద్యాలయాలు)

చదువుకుంటూనే పాఠాలు చెప్పే, ప్రయోగశాలల్లో పనిచేసే విద్యార్థి ఉద్యోగులకు యూనియన్ ఉన్నచోట, ఒప్పందాన్ని యాజమాన్యం మీరిందన్న ఫిర్యాదును మెట్టుమెట్టుగా తేల్చే క్రమమే గ్రీవెన్స్ పద్ధతి. ఇది కర్మాగారాల నుంచి క్యాంపస్‌కు వచ్చింది. 1960లో ఉక్కు కార్మికుల యూనియన్ వేసిన మూడు కేసుల్లో, ఒప్పందంపై తగాదాను మధ్యవర్తే తేల్చాలని, కోర్టులు అందులో తలదూర్చరాదని సుప్రీంకోర్టు చెప్పడంతో ఈ పద్ధతికి బలం చేకూరింది. క్యాంపస్‌ల విషయానికొస్తే, మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1966లో ఏర్పడిన టీచింగ్ అసిస్టెంట్ల సంఘం 1970లో సమ్మె చేసి తొలి ఒప్పందం సాధించింది.

మొదట యూనియన్ ప్రతినిధిని, అంటే స్టీవర్డ్‌ను, వెంటబెట్టుకుని ప్రొఫెసర్‌తో మాట్లాడతారు. తేలకపోతే కాగితం మీద ఫిర్యాదు పెడతారు. అది శాఖాధిపతిని దాటి కార్మిక వ్యవహారాల కార్యాలయానికి, చివరికి ఇరుపక్షాలూ ఒప్పుకున్న బయటి మధ్యవర్తి దగ్గరకు చేరుతుంది. గడువు దాటితే న్యాయమైన ఫిర్యాదు కూడా వీగిపోవచ్చు. ఉద్యోగిని శిక్షిస్తే తగిన కారణం చూపాల్సింది సాధారణంగా యాజమాన్యమే; ఇతర ఫిర్యాదుల్లో రుజువు యూనియన్ బాధ్యత.

అందుకే దిద్దిన పేపర్లకూ, ల్యాబ్‌లో గడిపిన రాత్రులకూ రోజువారీ లెక్క రాసిపెట్టుకోవాలి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. వీరిలో తెలుగువారు ఎందరో. అదనపు పని వీరికి అలసటతో పోయేది కాదు, వీసాకే చిక్కు తెస్తుంది. ఫిర్యాదు చేయడానికి అందరికన్నా జంకేదీ వీరే.

అసలు పోరు చివరి మెట్టు దగ్గరే. ఏది పని, ఏది చదువు? ఆ గీత గీసే అధికారం తమదేనని విశ్వవిద్యాలయాల వాదన. ప్రైవేటు విశ్వవిద్యాలయ విద్యార్థి ఉద్యోగులకు జాతీయ కార్మిక సంబంధాల బోర్డు 2000లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం కేసులో ఉద్యోగులుగా గుర్తింపునిచ్చి, 2004లో బ్రౌన్ విశ్వవిద్యాలయం కేసులో వెనక్కి తీసుకుంది. 2005లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం ఒప్పందాన్ని పునరుద్ధరించలేదు. ఫిర్యాదులు విద్యా నిర్ణయాల్లోకి చొరబడుతున్నాయన్నది అది చూపిన కారణాల్లో ఒకటి. పాఠం చెప్పే గంటలు ఎవరికి కేటాయించారన్నది ఉద్యోగ విషయం కాదనడం ఒప్పుకోదగ్గ మాట కాదు.

2016లో కొలంబియా విశ్వవిద్యాలయం కేసుతో గుర్తింపు తిరిగి వచ్చింది. అదే కొలంబియాలో 2021 నవంబరులో మొదలైన సమ్మె సుమారు పది వారాలు సాగింది. జీతంతోపాటు, వేధింపులు, వివక్షపై ఫిర్యాదులను విశ్వవిద్యాలయం తనంత తానే తేల్చకూడదన్నది సమ్మెకారుల పట్టు. 2022 జనవరి ఒప్పందంతో అలాంటి ఫిర్యాదులకూ తటస్థ మధ్యవర్తి వరకు వెళ్ళే దారి ఏర్పడింది.