కీ ఇచ్చే చెయ్యి

"సార్‌కి గిఫ్టా మేడమ్? సార్ మణికట్టు సన్నమా, లావా?" హైదరాబాదులో ఓ ఖరీదైన గడియారాల షోరూములో ఆ కుర్రాడు మర్యాదగానే అడిగాడు. నాకే అన్నాను. వెంటనే అవతలి అద్దాల బీరువా దగ్గరికి తీసుకెళ్లాడు. ముత్యపు చిప్ప డయళ్లు, చుట్టూ రాళ్లు, లోపల అన్నిటికీ బ్యాటరీలే. నాకు కావలసింది కీ ఇచ్చే గడియారం అన్నాను. "లేడీస్‌కి బ్యాటరీదే సుఖం మేడమ్, రోజూ కీ ఇచ్చే బాధ ఉండదు" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. మా అమ్మ ముప్పై ఏళ్లు టీచరుగా పనిచేసింది. ఆమెకి వేలిగోరంత డయల్ ఉన్న ఆడవాళ్ల వాచీ ఉండేది. పొద్దున్నే దానికి కీ ఇచ్చేది మాత్రం నాన్న. "మీ అమ్మది మోటు చెయ్యి, స్ప్రింగు తెంపేస్తుంది" అనేవాడు. అరవైమంది పిల్లల పరీక్ష పేపర్లు ఒక్క రాత్రిలో దిద్దే చెయ్యి అది! నాన్న ఊరెళితే అమ్మ వాచీ ఆగిపోయేది. నడిచినరోజు కూడా ఐదారు నిమిషాలు తేడా చూపేది. "ఆడవాళ్ల వాచీ అంతే" అని ఇంట్లో నవ్వుకునేవాళ్లు. నేను గడియారాలు పోగుచేయడం మొదలుపెట్టాకగానీ తెలియలేదు. యంత్రం చిన్నదయ్యేకొద్దీ లోపలి బ్యాలెన్సు చక్రమూ చిన్నదవుతుంది, కొద్దిపాటి కుదుపుకే దాని లయ చెదురుతుంది. నగలా కనబడాలని దాన్ని కుదించిందీ వాళ్లే, సరిగ్గా నడవదని నవ్విందీ వాళ్లే.

నిజానికి చేతి గడియారం మొదట ఆడవాళ్లదే. నెపోలియన్ చెల్లెలు, నేపుల్స్ రాణి కరోలిన్ మురా 1810లో బ్రెగే దగ్గర ఒకటి చేయించుకుంది. 1812లో చేతికొచ్చింది. జుట్టూ బంగారు తీగా కలిపి అల్లిన పట్టీ. ఆ గడియారం ఇప్పుడు ఎక్కడుందో తెలియదు, కంపెనీ చిట్టాల్లో వివరాలు మాత్రం మిగిలాయి. 1868లో పటెక్ ఫిలిప్ చేసిన చేతి గడియారమూ హంగరీకి చెందిన ఒక కౌంటెస్ కోసమే. మగవాళ్లు జేబులో గొలుసు గడియారం పెట్టుకునేవారు. మణికట్టుకి కట్టుకోవడం ఆడంగితనం. 1914-18 యుద్ధంలో, కందకాల్లో జేబు తడుముకునే తీరిక లేక సైనికులు కట్టుకున్నారు. అంతే, అది మగతనానికి గుర్తయి కూర్చుంది.

1927 అక్టోబరు 7న లండన్ టైపిస్టు మెర్సిడిస్ గ్లైట్జ్ ఇంగ్లిష్ ఛానల్ ఈదింది. అలా ఈదిన తొలి బ్రిటిష్ మహిళ ఆమె. కొద్దిరోజులకే ఇంకొకామె తానూ ఈదానని చెప్పి, అది అబద్ధమని తనే ఒప్పుకుంది. దాంతో నిజంగా ఈదినామెనూ అనుమానించారు. అక్టోబరు 21న మళ్లీ నీళ్లలోకి దిగింది. ఎముకలు కొరికే చలిలో పది గంటలకు పైగా ఈదాక, తీరం చేరకుండానే పైకి తీయవలసి వచ్చింది. మెడలో వేలాడిన రోలెక్స్ ఆయిస్టర్ మాత్రం ఆగలేదు. నవంబరు 24న డైలీ మెయిల్ మొదటి పేజీ నిండా ప్రకటన. ఆమె ఓర్పు గడియారం ఓర్పయింది.

అవే రోజుల్లో అమెరికాలో, న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో, చీకట్లో మెరిసే అంకెలకి రేడియం పూసే అమ్మాయిలు కుంచె మొన తేలడానికి పెదాలతో తడిపేవారు. అలాగే చెయ్యమని నేర్పారు. అదే కంపెనీలో రసాయన శాస్త్రజ్ఞులు సీసపు తెరల వెనక పనిచేశారు. అమ్మాయిల దవడ ఎముకలు కుళ్లాయి. గ్రేస్ ఫ్రయర్, మరో నలుగురు 1927లో దావా వేస్తే 1928లో రాజీ కుదిరింది. పాత గడియారాలు కొనేవాళ్లు ఆ రేడియం తేనెరంగుకి తిరిగితే ఎంత మురిసిపోతారో! ఎక్కువ ధర కూడా పెడతారు. నేను వాటిని కొనను.

ఇప్పటిదాకా నా దగ్గరున్నవి ఏడు హెచ్.ఎం.టి.లు. 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగుళూరులో మొదలైన ఆ కర్మాగారం కథ 2016 నాటికి ముగిసింది. ఎనిమిదోది స్విట్జర్లాండుది, 36 మిల్లీమీటర్లు, రిటైర్మెంటు డబ్బుతో కొన్నది. "గాజులైతే రేపు అవసరానికి పనికొచ్చేవి" అంది వదిన. అమ్మ గాజులు అలాగే పనికొచ్చాయి, అన్నయ్య ఇంజనీరింగు సీటుకి. అవసరం ఎవరిదని అప్పుడు ఎవరూ అమ్మని అడగలేదు. అయినా వదిన అడగని ప్రశ్న ఒకటుంది. దీని ఖరీదు మా ఇంట్లో పనిచేసే ఆమె ఏడాది జీతం కంటే ఎక్కువ. స్త్రీల శ్రమ గురించి ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నా దగ్గర ఆ లెక్కకి జవాబు లేదు. కొన్నాను.

వారంటీ కార్డు మీద కుర్రాడు నా పేరు ముందు 'మిస్టర్' అని రాశాడు. దిద్దించాను. పట్టీ వదులైతే ఇంకో రంధ్రం పొడిపించాను.

మర్నాడు పొద్దున అమ్మకిచ్చి, కీ ఇమ్మన్నాను. ఎనభై దాటిన వేళ్లు. "తెగుతుందేమోనే" అంది. తెగదు, తిప్పమన్నాను. మెల్లిగా తిప్పింది, చెవి దగ్గర పెట్టుకుంది, మళ్లీ తిప్పింది. గట్టిపడగానే తనే ఆగింది.