గంప కింద కోడి

మానుకోట జిల్లాలో రెండు గూడూర్లున్నాయి. ఒకటి మండల కేంద్రం గూడూరు, ఇంకోటి దాశరథి సోదరులు పుట్టిన చిన్నగూడూరు. రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' చదివినవాళ్ళకి దొర, గడి, వెట్టి గుర్తుంటాయి. నాకైతే ఆ కాలం గురించి ఎప్పుడు చదివినా కోడి మీదికే చూపు పోతుంది.

పొలం, ఎడ్లు మగవాళ్ళ లెక్క. పెరట్లో కోళ్ళు మాత్రం ఆడమనిషివి. పిడికెడు నూకలు, పెంటకుప్ప మీది పురుగులు, పెట్టుబడి అంతే. పొదగేయడానికి గుడ్లు చాలకపోతే పక్కింట్లో అడిగేవాళ్ళు, పిల్లలు లేచాక పంచుకునేవాళ్ళు. ఉప్పుకో గాజులకో చేతిలో ఆడే పైసలు అవే.

నిజాం కాలంలో అమీనో గిర్దావరో ఊళ్ళో దిగితే ఎసరు వచ్చేది ఆ గంపకే. ఎడ్లు తోలుకెళ్తే ఊరంతా చూస్తుంది. కోడి పోతే కొట్లాడేదెవరు? 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు. ఆ పోరాటం గురించి రాసేవాళ్ళం భూమి దగ్గరే మొదలుపెడతాం. సెంటు భూమి లేనోళ్ళు కూడా ఎందుకు కదిలారో తెలియాలంటే ఈ గంప కూడా లేపి చూడాలనుకుంటాను.

దొరలు పోయారు, కొక్కెర తెగులు మాత్రం మిగిలింది. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి కోసమే 'వనరాజా' జాతిని తయారుచేసింది. నాటుకోడికన్నా బరువు, గుడ్లూ ఎక్కువే. కాకపోతే అది పొదగడం తక్కువ. పిల్లలు కొనుక్కోవాలి, లేదంటే దాని గుడ్లు పట్టుకుని నాటుపెట్ట ఉన్న పక్కింటికి పోవాలి.