ఒక్క సూది, ఒక్క సిరా: పుర్రె పక్కన పూసిన గులాబీ

బ్లాక్ అండ్ గ్రే పచ్చబొట్టుకి బూడిదరంగు సిరా వేరే అక్కర్లేదు. నల్ల సిరాని చిన్న చిన్న గిన్నెల్లో పోసి, ఒక్కోదాంట్లో కాసిని నీళ్లు ఎక్కువ కలుపుతూ పోతే ఛాయలన్నీ అందులోంచే వస్తాయి. పుర్రె కంటిగుంటలకి చిక్కటి నలుపు, చెంప ఎముక వంపుకి పల్చటి నీడ. గులాబీ రేకు అంచున మాత్రం సూది ఆగిపోతుంది. అలా వదిలేసిన చర్మమే వెలుగు. ఇంత నాజూకు పనికి పుట్టిల్లు కాలిఫోర్నియా జైళ్లు.

పుర్రె, పువ్వుల జోడీ అంతకంటే చాలా పాతది. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారులు ‘వానిటాస్’ చిత్రాల్లో పుర్రె పక్కన పూలు పెట్టి, అందమూ ఆయుష్షూ నాలుగునాళ్లేనని హెచ్చరించారు. మెక్సికోలో అదే జోడీ ఆత్మీయమైంది. నవంబర్ 1, 2 తేదీల్లో జరిగే మృతుల పండుగకి అక్కడివాళ్లు సమాధుల మీద బంతిపూలు పరుస్తారు. పోయినవాళ్లు ఆ రంగూ వాసనా పట్టుకుని ఇంటికి వస్తారని నమ్మకం. మన గుమ్మాలకి కట్టే బంతి కూడా ఆ నేల నుంచి వచ్చిందే. మెక్సికన్ చిత్రకారుడు హోసే గ్వాదలూపే పోసాదా (1852–1913) పూల టోపీ పెట్టి గీసిన అస్థిపంజరపు దొరసాని ‘కత్రీనా’ని, 1947లో డియేగో రివేరా తన కుడ్యచిత్రం నడిమధ్యన నిలబెట్టాడు.

ఈ బొమ్మలన్నీ మనసులో మోసుకునే జైలుకి వెళ్లారు చికానో యువకులు, అంటే అమెరికాలోని మెక్సికన్ సంతతివాళ్లు. పచ్చబొట్లు వేసే విద్యుత్ యంత్రానికి శామ్యూల్ ఓరైలీ 1891లోనే పేటెంట్ తీసుకున్నాడు. దాంతో బయట దుకాణాల్లో మందపాటి గీతలూ ముదురు రంగులూ రాజ్యమేలాయి. జైలు లోపల మాత్రం ఆ యంత్రమూ లేదు, రంగులూ లేవు. క్యాసెట్ ప్లేయర్ మోటారుకి గిటారు తీగ బిగించి, దాన్నే సూది చేసుకున్నారు. నూనె కాల్చి పట్టిన మసే సిరా. ఆ ఒక్క సూదే వెంట్రుకంత గీతని, పొగలాంటి నీడని సాధ్యం చేసింది. అమ్మ ముఖం, మెక్సికన్లు కొలిచే గ్వాదలూపే మాత, గులాబీలు, పుర్రెలు అలా చర్మం మీదికి ఎక్కాయి.

1975లో చార్లీ కార్ట్‌రైట్, జాక్ రూడీ ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో ‘గుడ్ టైమ్ చార్లీస్ టాటూలాండ్’ తెరిచి, ఆ ఒంటిసూది పనితనాన్ని దుకాణంలోకి తెచ్చారు. నిర్బంధంలోనే పని నేర్చిన ఫ్రెడ్డీ నెగ్రేతే కొద్దికాలానికే వాళ్లతో కలిశాడు. ఖైదు గుర్తుగా చూసిన పని, అక్కణ్ణుంచి లోకం నేర్చుకునే కళ అయింది.

ఇవాళ హైదరాబాద్‌లో ఓ కుర్రాడు పుర్రె, గులాబీ చేతిమీద వేయించుకుంటే నాకు సంతోషమే. వేసే కళాకారుడు ఆ బొమ్మ ఊరూ పేరూ కూడా చెప్పాలని మాత్రం కోరుకుంటాను. పోయినవాళ్లని మరిచిపోకూడదని పూలు పరిచిన జనం చేతుల్లో పెరిగిన బొమ్మ అది. వేయించుకున్నవాళ్లూ దాన్ని గీసిన తొలి చేతుల్ని మరిచిపోకూడదు.