రాజకీయ ప్రకటన ధర: పత్రిక విచక్షణకు హద్దు ఎక్కడ?

పత్రికలో ప్రకటనలకు రేటు కార్డు ఉన్నా, అందరూ ఆ రేటుకే కొనరు. ఏడాది ఒప్పందం ఉన్నవారికీ తేదీ పట్టింపు లేనివారికీ తగ్గించి ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలే. వివాదాస్పద రాజకీయ ప్రకటన విషయంలో ఇదే తగ్గింపు పక్షపాతంగా కనిపిస్తుంది. ఈ విచక్షణ ఎంతవరకు చెల్లుతుందో 2007 నాటి న్యూయార్క్ టైమ్స్ ఉదంతం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఉదంతం

2007 సెప్టెంబరు 10, సోమవారం. ఇరాక్‌లో అమెరికా సేనల అధిపతి జనరల్ పెట్రేయస్ ఆ రోజు కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పాలి. ఆ ఉదయమే టైమ్స్‌లో ఆయన్ను ద్రోహిగా ధ్వనింపజేస్తూ ఉదారవాద ఉద్యమ సంస్థ మూవ్‌ఆన్ పూర్తి పేజీ ప్రకటన వేయించింది. చెల్లించింది 64,575 డాలర్లు. అది ‘స్టాండ్‌బై’ రేటు: ఫలానా రోజు కావాలని అడగవచ్చు, ఆ రోజే వేస్తామని పత్రిక మాట ఇవ్వదు. తేదీ ఖాయం చేసుకుంటే రేటు 1,42,083 డాలర్లు. మూవ్‌ఆన్‌కు తేదీ హామీ దక్కింది, స్టాండ్‌బై రేటూ దక్కింది.

రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడుతున్న జూలియాని 14న అదే రేటుకు జవాబు ప్రకటన ఇచ్చారు. 20న సెనేట్ 72–25 ఓట్లతో పెట్రేయస్‌పై దాడిని ఖండించింది. 23న పాఠకుల తరఫున పత్రికను సమీక్షించే పబ్లిక్ ఎడిటర్ క్లార్క్ హోయ్ట్ రెండు తప్పులు ఎత్తిచూపారు: తేదీ హామీ ఇచ్చి కూడా తక్కువ రేటు తీసుకోవడం, వ్యక్తిగత దాడులు కూడదన్న సొంత నియమాన్ని మీరడం. తేడా సొమ్ము 77,508 డాలర్లు కడతామని మూవ్‌ఆన్ ప్రకటించింది.

చట్టం

అభ్యర్థికి అమ్మే స్థలానికి, అలాంటి ఇతర ప్రకటనల కన్నా ఎక్కువ వసూలు చేయడాన్ని అమెరికా ఎన్నికల చట్టం నిషేధిస్తుంది. మామూలు ధర కన్నా తగ్గించి ఇస్తే, ఆ తగ్గింపు విరాళం కింద లెక్క. కార్పొరేట్ సంస్థలు అభ్యర్థులకు విరాళం ఇవ్వరాదు. మరోవైపు, ఏది అచ్చు వేయాలన్నది పత్రిక నిర్ణయమేనని మయామీ హెరాల్డ్–టోర్నిల్లో కేసులో (1974) సుప్రీంకోర్టు తేల్చింది. అంటే కాదనే స్వేచ్ఛ విశాలం, రేటు మార్చే స్వేచ్ఛ ఇరుకు.

చర్చ

కాదనే స్వేచ్ఛనూ రేటు మార్చే స్వేచ్ఛనూ కలిపేస్తే చిక్కు. వ్యక్తిగత దూషణ ఉంటే ప్రకటనను వెనక్కి పంపాలి. పూర్తి రేటు వసూలు చేసినంత మాత్రాన దూషణ సమ్మతం కాదు. జూలియానికీ అదే రేటు దొరకడం పక్షపాత ఆరోపణను బలహీనపరుస్తుంది. లోపం సిద్ధాంతంలో కాదు, ప్రకటనల విభాగం అమ్మకపు తీరులో ఉందని సూచిస్తుంది.

అసలు మెలిక తేదీలో ఉంది. బట్టల దుకాణం తగ్గింపు ధరల ప్రకటన సోమవారం కాకపోతే బుధవారం వచ్చినా పనికొస్తుంది. పెట్రేయస్ సాక్ష్యం ముగిశాక వచ్చే రాజకీయ ప్రకటనకు విలువ ఏపాటిది? అక్కడ కొనుక్కునేది స్థలంతో పాటు సమయాన్ని కూడా. అందుకే తేదీతో ముడిపడిన రాజకీయ ప్రకటనలకు స్టాండ్‌బై రేటు వర్తించదని పత్రికలు రేటు కార్డులోనే ముందుగా రాసిపెట్టుకోవాలి. ఆ నియమం అన్ని పక్షాలకూ ఒకటే అయినప్పుడు విచక్షణ అనుమానానికి తావివ్వదు.