మందుల బిల్లులో ఎవరి వాటా ఎంత?

మా పిన్ని కూతురు భర్తతో విడిపోయి మూడేళ్లయింది. బాబుకి ఆయాసం. మొన్న ఆస్పత్రి బిల్లు పంపిస్తే, "నెలనెలా ఇస్తున్నాగా, అందులోనే సర్దుకో" అన్నాడట వాడి తండ్రి. అది విన్నాక మనసు ఊరుకోక, అసలు చట్టం ఏమంటుందో వెతికి చదివాను.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఎప్పుడో చెప్పింది: మనోవర్తి అంటే తిండి, బట్ట, ఇల్లు, చదువుతో పాటు వైద్యం కూడా. పిల్లల్ని పోషించే బాధ్యతని తండ్రితో పాటు తల్లి మీదా పెట్టింది. కానీ మేజిస్ట్రేటు కోర్టుకి వెళ్లినవాళ్ల సంగతి వేరు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, 125వ సెక్షన్ కింద నెలకి 500 రూపాయలే పరిమితి! అది 2001లో గానీ పోలేదు.

మరి వాటాలు ఎలా వేయాలి? 2000లో సుప్రీంకోర్టుకి ఇలాంటి కేసే వచ్చింది. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగులే, ఆయన జీతం సుమారు రెట్టింపు. ఒక్కో బిడ్డకి నెలకి 3,000 ఖర్చు కట్టి, తండ్రివి రెండు వాటాలు, తల్లిది ఒకటి అన్నారు. 2020లో అదే కోర్టు, మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తుల వివరాలు ప్రమాణపత్రంలో ఇవ్వాలంది. పిల్లల ఖర్చుల్లో వైద్యాన్నీ చేర్చింది.

అంటే బిడ్డ ఎవరి దగ్గర ఉంటున్నాడన్నది కాదు, ఎవరి సంపాదన ఎంతన్నదే లెక్క.

"బిల్లులన్నీ దాచిపెట్టుకో అమ్మా" అని చెప్పాను చెల్లికి. "నువ్వడిగేది దానం కాదు, వాడి హక్కు."